టోకెన్ చేతికందేదాకా

పరీక్ష మొదలైపోయింది, ఇక గంటసేపు ఆమె చెయ్యగలిగింది ఏమీ లేదు. "నువ్వు ఒక్క మీట నొక్కినా మళ్ళీ మొదటినుంచి పెట్టాలి తల్లీ, చేతులు కట్టుకుని కూర్చో" అని పరీక్షలక్క ముందే చెప్పేసింది. ఆఫీసులో ఎవరు ఏ ప్రోగ్రాం రాసినా దాన్ని పట్టుకుని ఊపి, విదిలించి, నేలకేసి కొట్టి చూసే ఉద్యోగం ఆవిడది, అందుకే ఆ పేరు. ఆవిడ చెప్పినట్టే ఆమె చేతులు కట్టుకుంది, కానీ చేతులు కట్టుకున్నంత సులువుగా మనసు కట్టుబడుతుందా, అది గోడ మీది పెద్ద తెరకీ వేలి మీది కొత్త ఉంగరానికీ మధ్య ఊయల ఊగుతూనే ఉంది. ఉంగరం ఇంకా వేలికి అలవాటు పడలేదు, టైపు చేస్తుంటే మీటల అంచులకు తగిలి టిక్కుమంటుంది, ఆ టిక్కు విన్నప్పుడల్లా అవును కదా నాకు పెళ్ళయింది కదా అని ఎవరో వచ్చి చెవిలో చెప్పినట్టుంటుంది, పనిగట్టుకుని తగిలించిన రోజులూ ఉన్నాయి. తెర మీద రెండు గీతలు. ఎర్రది కదలదు. నీలం గీత పురుగులా పాకుతూ ముందుకు పోతోంది, ఒక్కో రిపోర్టు పూర్తికావడానికి సగటున ఎంతసేపు పట్టిందో చెప్పేది అదే, అది ఎర్రదానికి కిందే ఉండాలి. "దాటిందా, నీ మార్పు తీసేసి పాతదే పంపించేస్తాను, ఏమనుకోకమ్మా" అన్నాడు టీమ్ లీడర్. ఆయనను చాటుగా అందరూ గడియారం సార్ అంటారు, వేగం తప్ప ఇంకో దేవుడు లేడాయనకి. ఏమనుకోను సార్ అని ఆమె నవ్వింది కానీ ఎందుకనుకోదు, ఉద్యోగంలో చేరాక మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా తనే ఆలోచించి, తనే రాసి, ఇది నాది అని చెప్పుకోగలిగిన పని ఇదొక్కటే, ఇది పోతే ఆ డాక్టరుకి ఏం చెప్పాలి.

ఆ డాక్టరు గొంతు ఇంకా చెవుల్లోనే ఉంది. ఎక్కడో చిన్న క్లినిక్కు, రోజుకు రెండో మూడో ఎక్స్‌రేలు పంపుతుంది, అంతే. పెద్దాసుపత్రులైతే గంపలకొద్దీ పంపుతాయి. అన్నీ వచ్చిపడేది ఈ ప్రోగ్రాంలోకే, ఇది ఆ బొమ్మల్ని శుభ్రం చేసి, అనుమానమున్నచోట గుర్తు పెట్టి తిరిగి పంపిస్తుంది. ఆ రోజు ఫోను ఆమే ఎత్తింది. "అమ్మా, పేషెంటు బల్ల మీదే ఉంది. మీ కంప్యూటరేమో పొద్దుట్నుంచీ దయచేసి వేచి ఉండండి అంటోంది. ఎంతసేపని దయ చెయ్యాలమ్మా మేము?" అని అడిగిందా డాక్టరమ్మ, కోపంగా కూడా కాదు, అలసటగా, కోపమైతే మర్చిపోయి ఉండేది, అలసటను మర్చిపోవడం కష్టం. ఫోను పెట్టేసి వెళ్ళి చెబితే గడియారం సార్ తలెత్తకుండానే మందు రాసిచ్చాడు: "రద్దీ ఎక్కువైనట్టుంది, ఇంకో టోకెన్ వెయ్." వేసింది. సర్వరుకు ఒకేసారి నాలుగు రిపోర్టుల కన్నా మోసే శక్తి లేదు కాబట్టి తలుపు దగ్గర నాలుగు టోకెన్లున్న డబ్బా లాంటిది ఒకటి పెట్టారు, దాన్నే కౌంటింగ్ సెమఫోర్ అంటారు, వచ్చిన ప్రతి పనీ ఒక టోకెన్ తీసుకుని లోపలికెళ్ళాలి, పనయ్యాక తిరిగి డబ్బాలో వెయ్యాలి, డబ్బా ఖాళీగా ఉంటే పక్కన పడుకుని నిద్రపోవాలి, టోకెన్ పడినప్పుడు ఎవరో ఒకరిని లేపుతారు. కొత్త సర్వరు తెచ్చి నాలుగును ఐదు చేశారు. సగటు దిగింది, నీలం గీత నేల మీదికి జారింది, గడియారం సార్ అందరికీ టీ తెప్పించాడు. ఆ టీ ఇంకా సగం తాగకముందే మళ్ళీ అదే డాక్టరమ్మ ఫోను.

పెళ్ళయిన మొదటి వారంలో ఏ పెళ్ళికూతురైనా మొగుడితో ఏం మాట్లాడుతుందో తెలీదు కానీ ఈమె మాట్లాడింది దీని గురించే. అతను కళ్ళ పరీక్ష చేసేవాడు, నల్లటి ఫ్రేములో అద్దాలు మార్చి మార్చి పెడుతూ ఇది బాగుందా, ఇది బాగుందా అని అడగడం వృత్తి. ఆ అలవాటు ఇంటికీ తెచ్చుకున్నాడు, దిండు ఇటుంటే బాగుందా అటుంటే బాగుందా, కిటికీ తెరిస్తే బాగుందా మూస్తే బాగుందా, ప్రతిదానికీ అడుగుతాడు, ఆమె ప్రతిదానికీ రెండోదే అంటుంది, మొదటిదంటే ప్రశ్న అయిపోతుందని భయం. మంచం మీద అతని కళ్ళజోళ్ళ డబ్బాలు ఐదు వరసగా పెట్టి, ఇవి టోకెన్లు, ఈ దిండ్లు పెద్దాసుపత్రి వాళ్ళు, ఇదిగో ఈ చిన్న జేబురుమాలు ఆ క్లినిక్కు, అని అరగంట చెప్పింది. అతను గడ్డం కింద చెయ్యి పెట్టుకుని బడిపిల్లాడిలా విన్నాడు, విని, ఎంతో ఆలోచించి, "మరి ఆ నిద్రపోయేవాడికి కలలొస్తాయా?" అని అడిగాడు. ఆమె జేబురుమాలుతో అతన్ని కొట్టింది, నవ్వలేక పొట్ట పట్టుకుంది, బయటినుంచి అత్తయ్య దగ్గిన దగ్గు విని ఇద్దరూ నోళ్ళు మూసుకున్నారు. ఇప్పుడు తలుచుకున్నా నవ్వొచ్చింది, పరీక్షలక్క అటునుంచి చూసింది, "ఏంటి, నీలం గీతను చూస్తే సిగ్గేస్తోందా?" అంది. ఆమె తెర వైపు తిరిగి బుద్ధిగా కూర్చుంది. నీలం గీత కింద బాగానే ఉంది. కొంచెం లేచినట్టుందా? లేదు, బాగానే ఉంది.

లోపం ఎక్కడుందో దొరికింది మాత్రం మంచం మీద కాదు, ఇంటి నడవలో, పొద్దున్న, భుజం మీద తువ్వాలుతో నిలబడి ఉన్నప్పుడు. ఇంట్లో ఆరుగురు మనుషులు, రెండు స్నానాల గదులు. మామయ్య, అత్తయ్య, ఆడపడుచు, మరిది, తామిద్దరు. కొత్తకోడలు కాబట్టి ఆమె ఎవరొచ్చినా మీరు వెళ్ళండి మీరు వెళ్ళండి అంటూ గోడకు అతుక్కుని నిలబడేది, అలా నిలబడటంవల్ల ఒకటి కనిపించింది, ఆ ఇంట్లో అందరికన్నా ముందు లేచేది అత్తయ్య, అందరికన్నా చివర స్నానం చేసేదీ అత్తయ్యే. చివరదాకా ఆగుదామని కాదు పాపం, ఆవిడకీ ఉద్యోగముంది, గ్రంథాలయంలో, తలుపులు తీయాల్సింది ఆవిడే. మామయ్య గదిలోంచి బయటికొస్తూ ప్రతిరోజూ మర్యాదగానే కేకేస్తాడు, "ఖాళీ అయిందోయ్, నువ్వు వెళ్ళు" అని. అత్తయ్య వంటింట్లో పొయ్యి తగ్గించి, చేతులు కడుక్కుని, కొంగుకి తుడుచుకుని, బట్టలు తీసుకుని వచ్చేసరికి, తువ్వాలు మెడలో వేసుకుని అక్కడే తచ్చాడుతున్న మరిది సర్రున దూరిపోతాడు. "ఒక్క నిమిషం అమ్మా, అయిపోయింది" అని లోపల్నుంచి అరుస్తాడు. అత్తయ్య వెనక్కి వంటింట్లోకి వెళ్తుంది. ఇంకో గది ఖాళీ అవుతుంది, ఇంకో కేక, ఇంకోసారి చేతులు తుడుచుకోవడం, ఈసారి ఆడపడుచు. ఎవరూ చెడ్డవాళ్ళు కాదు, అదే చిత్రం, పిలుస్తున్నారు, నీ వంతే అని చెబుతున్నారు కూడా, కానీ పిలుపుకీ రాకకీ మధ్య ఉన్న ఆ చిటికెడు సందులో మెలకువగా ఉన్నవాడు దూరిపోతున్నాడు. ముందొచ్చిన చెవులకంటే వెనకొచ్చిన కొమ్ములు వాడి అని ఊరికే అన్నారా! ఆమె భుజం మీది తువ్వాలు జారి కింద పడింది. పెద్దాసుపత్రి పని టోకెన్‌ను డబ్బాలో పడేస్తుంది, నిద్రపోతున్న క్లినిక్కును లేపుతారు, అది కళ్ళు నులుముకుని లేచేలోగా, అసలు నిద్రేపోని పెద్దాసుపత్రి తరవాతి పని అదే టోకెన్ తీసుకుని మళ్ళీ లోపలికెళ్ళిపోతుంది, పాపం క్లినిక్కు వచ్చి డబ్బాలో చూసుకుని మళ్ళీ పడుకుంటుంది. ఐదు టోకెన్లు కాదు, యాభై వేసినా కొమ్ములవాళ్ళకే. మూడో స్నానాలగది కట్టించినా అత్తయ్య చివరే.

ఆ రోజు ఆఫీసులో రాసింది చూస్తే అరచేతిలో ఇమిడిపోతుంది, అంత చిన్నది. టోకెన్‌ను డబ్బాలో వెయ్యకూడదు. వచ్చినవాళ్ళందరినీ వచ్చిన వరసలో నిలబెట్టాలి, పనయినవాడు తన టోకెన్ తీసుకెళ్ళి వరసలో మొదటివాడి చేతిలో పెట్టాలి, వాడు నిద్రలో ఉన్నా సరే, వాడు లేచి గుప్పిట మూసేదాకా అది వాడిదే, మధ్యలో ఎవడొచ్చినా పోయి వెనక నిలబడాల్సిందే. రాసి, మళ్ళీ చదువుకుని, ఇంకోసారి చదువుకుని, ఎంత అందంగా ఉంది అనుకుంది, అద్దంలో పెళ్ళిబట్టలు చూసుకున్నప్పుడు కూడా అంత అనుకోలేదు. మర్నాడు పొద్దున్న స్నానం చేసి తలుపు తీసిందే కానీ గడియ వదల్లేదు, పట్టుకుని అక్కడే నిలబడి "అత్తయ్యా, రండి" అని పిలిచింది. మరిది పరిగెత్తుకొచ్చాడు. "తప్పుకో వదినా, బస్సు పోతుంది." "తప్పుకోను. ఇది అత్తయ్య చేతికే ఇస్తాను." "అదేంటి, తలుపు నీ పేరు మీదేమైనా రాశారా?" "కాదు, మీ అమ్మ పేరు మీద రాశారు, చదువురాదా?" గుండె దడదడలాడుతూనే ఉంది, కొత్తకోడలు ఇంత నోరు చేసుకుంటుందా అని ఎవరైనా అంటే, అని. అత్తయ్య తడిచేతులతో వచ్చి, గడియ అందుకుని, "నాకోసం తలుపు పట్టుకుని నిలబడ్డావా, ఇదేం చోద్యమే" అని లోపలికెళ్ళింది, కాసేపటికి నీళ్ళ చప్పుడులోంచి సన్నటి కూనిరాగం వినిపించింది, ఆ ఇంట్లో పుట్టిపెరిగిన మొగుడు కూడా అది ఎప్పుడూ వినలేదట. నడవలో అందరూ తువ్వాళ్ళతో అలాగే నిలబడి విన్నారు.

"ఇటు చూడు" అంది పరీక్షలక్క. గొంతులో నవ్వు లేదు. నీలం గీత లేస్తోంది. ఎప్పుడు లేచిందో, ఈమె నడవలో ఉండగా లేచి ఉంటుంది, ఎర్రదాని దగ్గరికి వచ్చేసింది, పాకడం లేదు, మెట్లెక్కుతోంది. లేస్తుందని తెలుసు, వరస అన్నాక కొంత ఆలస్యం తప్పదు, నిద్రపోయినవాణ్ణి లేపి చేతిలో పెట్టేదాకా టోకెన్ ఊరికే ఉంటుంది, మెలకువగా ఉన్న కొమ్ములవాడైతే చటుక్కున లాక్కుపోతాడు, టోకెన్ ఒక్క క్షణం ఖాళీగా ఉండదు, అన్యాయానికి ఉన్న సుఖమే అది. కానీ ఇంతా? గడియారం సార్ ఎప్పుడొచ్చాడో వెనక నిలబడి ఉన్నాడు. నీలం ఎర్రదాన్ని తాకింది. దాటింది. వెంట్రుకవాసే, కానీ దాటింది. "హుఁ" అన్నాడాయన, జాలిగానే అన్నాడు. ఏడవకూడదు, ఆఫీసులో ఏడిస్తే కొత్తపెళ్ళికూతురు పుట్టింటి మీద బెంగపెట్టుకుందంటారు, దేనిమీద బెంగో వీళ్ళకేం తెలుసు, ఆ డాక్టరమ్మ మళ్ళీ ఫోను చేస్తే ఎత్తాల్సింది తనే కదా. ఇంట్లోనూ ఇదే మాట, మొన్న మామయ్య కూడా ఇదే అన్నాడు, "ఈ తలుపులు పట్టుకోవడం మొదలయ్యాక అందరం ఆలస్యమైపోతున్నాం" అని, మరిది వంతపాడాడు, ఆడపడుచు తలూపింది, నిజమే కదా అనుకుని ఆమె ఖాళీ కాఫీ గ్లాసులు తీసుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది. అంతకుముందు మామయ్య ఎదురింటాయనతో గొప్పగా చెప్పేవాడు, "మా ఇంట్లో పొద్దెక్కకముందే అందరం తయారైపోతామండీ, గడియారంలా నడుస్తుంది ఇల్లు" అని, ఆయన గేటు దగ్గర అలా చెబుతున్న ప్రతిసారీ వెనక వంటింట్లో గిన్నెలు చప్పుడవుతూ ఉండేవి, అత్తయ్య ఇంకా నిన్నటి చీరలోనే.

అందరం.

అందరం అన్నప్పుడు మామయ్య ఎవర్ని లెక్కపెట్టాడు? తయారైనవాళ్ళని లెక్కపెట్టాడు. తయారైనవాళ్ళంతా తయారయ్యారు, అంతే కదా ఆయన చెప్పింది, తయారు కానావిడ లెక్కలోనే లేదు, అందుకే అంత త్వరగా అయిపోయేది. ఇప్పుడు అత్తయ్య కూడా అందరిలో కలిసింది, కలిసేసరికి అందరం ఆలస్యమైనట్టు కనిపిస్తోంది. ఆమె కుర్చీలోంచి లేచి నిలబడింది, లేస్తున్నానని తనకే తెలీదు, ఉంగరం బల్లకు కొట్టుకుని గట్టిగా మోగింది.

"అక్కా, ఈ ఎర్ర గీత ఎక్కడిది?"

"పాత ప్రోగ్రాం పరీక్షలోదే. దాని సగటుకి సార్ కాస్త వెసులుబాటు కలిపి గీయించారు."

"ఆ పరీక్ష ఆపేసేసరికి ఇంకా నిద్రపోతూనే ఉన్నవి ఉన్నాయి కదా, వాటిని ఏం చేశావు?"

పరీక్షలక్క కళ్ళద్దాలు పైకి తోసుకుంది. "తీసేశాను. పూర్తికానివాటికి పట్టిన సమయం ఎక్కడుంటుంది? సార్నే అడిగాను, పూర్తయినవాటికే సగటు కట్టమన్నారు."

అందరికన్నా ఎక్కువసేపు ఆగినవాళ్ళు ఎవరో వాళ్ళనే లెక్కలోంచి తీసేసి, మిగతావాళ్ళు ఎంత త్వరగా వెళ్ళిపోయారో చూడండి అని గీత గీశారు, గీసి దాన్ని ఇన్నాళ్ళూ గోడకు తగిలించుకున్నారు. ఈ మాట పైకి అనాలా? పెద్దాయన, ఉద్యోగమిచ్చినాయన, పెళ్ళికి వచ్చి చేతిలో పూలగుత్తి పెట్టినాయన. అనేసింది. తలుపు గడియ పట్టుకుని నిలబడ్డనాటి దడే మళ్ళీ గుండెలో, ఆ దడకి ఇప్పుడు కొంచెం అలవాటు పడింది. "సార్, నాదాంట్లో నిద్రపోతూ మిగిలిపోయినవాడు ఒక్కడూ లేడు. అందరూ లెక్కలో ఉన్నారు. అందుకే లేచింది గీత. పాతదాంట్లో కూడా అందర్నీ లెక్కపెట్టించండి, అప్పుడు కూడా నాదే పైనుంటే, నా చేత్తో నేనే తీసేస్తాను."

గడియారం సార్ పరీక్షలక్క వైపు చూశాడు. "వాళ్ళకెంత పట్టిందో తెలీదు కదా, ఎలా కలుపుతావు?" "కనీసం పరీక్ష ఆపేదాకా అయితే ఆగారు కద్సార్, అంతవరకే వేస్తాను. అసలు లెక్క ఇంకా ఎక్కువే ఉంటుంది కానీ తక్కువుండదు" అంటూనే ఆవిడ వేళ్ళు మీటల మీద పరిగెత్తుతున్నాయి. ఆ కాసేపూ ఆమె ఊపిరి తీసుకుందో లేదో గుర్తులేదు, కిటికీ అవతల ఎవరో కారు వెనక్కి తీస్తుంటే కుయ్ కుయ్‌మంటోంది, అది మాత్రం గుర్తుంది. తెర ఒకసారి తెల్లబోయి మళ్ళీ వెలిగింది. ఎర్ర గీత ఉండాల్సిన చోట లేదు. ఎక్కడికెళ్ళిందా అని ముగ్గురూ వెతుక్కున్నారు, తలలెత్తి చూస్తే ఉంది, తెర నెత్తిమీద, పైఅంచుకి అతుక్కుని. నీలం గీత ఎక్కడో కింద, బుద్ధిమంతురాలిలా, తన పని తాను చేసుకుపోతోంది.

పరీక్షలక్క ఈల వేసింది, ఆవిడకు ఈల వచ్చని ఆఫీసులో ఎవరికీ తెలీదు. గడియారం సార్ చాలాసేపు చూశాడు, చేతులు వెనక్కి కట్టుకుని, తను గీసిన గీతను తనే ఎరగనట్టు. చివరికి, "అయితే ఇన్నేళ్ళూ ఈ గడియారం మెలకువగా ఉన్నవాళ్ళ టైమే చూపించిందన్నమాట" అన్నాడు. పరీక్షలక్క ఈల ఆగిపోయింది. ఆమె తల వంచుకుంది, చెవులు వేడెక్కాయి. "నాకు తెలీదనుకున్నారా ఆ పేరు? మా ఇంట్లో కూడా అదే పిలుస్తారు" అని నవ్వాడాయన, నవ్వి, గంభీరంగా మారి, "సాయంత్రం పంపించెయ్యి. రేపు మిగతా టీమ్ అందరికీ దీని గురించి చెప్పాలి. నేను కాదు, నువ్వు చెప్పు. నేను ముందు వరసలో కూర్చుని వింటాను" అన్నాడు. వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి, "ఆ డాక్టరుకి కూడా నువ్వే ఫోను చెయ్యి" అన్నాడు.

ముందు ఆ ఫోనే చేసింది. రేపట్నుంచి మీ వంతు మీకే వస్తుంది మేడమ్ అని చెబితే, డాక్టరమ్మ "మీరేనా అమ్మా చేసింది?" అని అడిగింది. నేనే, అంది ఆమె. నేనే. ఆ మాట ఇంత తియ్యగా ఉంటుందని ఎవరూ చెప్పనేలేదు. రెండో ఫోను చెయ్యడానికి మెట్ల దగ్గరికి పరిగెత్తింది, లోపల మాట్లాడితే అరుస్తుందని తన మీద తనకే అనుమానం. మూడు మెట్లు దిగి, కూర్చుని, మొగుడి నంబరు నొక్కింది, ఎత్తగానే "జరిగింది! నాదే! ఎర్ర గీత పైకెగిరిపోయింది, సార్ ఏమన్నారో తెలుసా" అని ఊపిరాడకుండా మొదలుపెట్టింది. అవతల అతని గొంతు, కళ్ళ పరీక్ష గదిలో వాడే గొంతు, మెత్తగా, ఇస్త్రీ చేసినట్టు, "చాలా సంతోషమండీ. కుర్చీలో ఒకరున్నారు, బయట ఇంకో ఇద్దరున్నారు. వాళ్ళు మీకన్నా ముందొచ్చారు. మీ వంతు రాగానే నేనే చేస్తాను" అంది. ఫోను పెట్టేశాడు.

ఆమె ఫోను వైపు నోరు తెరుచుకుని చూసింది. పెళ్ళయి నెలైనా కాలేదు, కట్టుకున్న పెళ్ళాం, ఇంత పెద్ద కబురు, దానికి వరసా! కోపం తెచ్చుకుందామని గట్టిగా ప్రయత్నించింది. వచ్చింది నవ్వు, దాని వెనకే ఇంకొకటి, ఇందాక తెర ముందు వచ్చినదానికన్నా పెద్దది, ఛాతీ నిండా పట్టేది. ఎంత సరైనవాణ్ణి చేసుకున్నాను, అనుకుంది. మెట్టు మీద కొంగు సర్దుకుని, ఫోను ఒళ్ళో పెట్టుకుని, మోకాళ్ళ మీద గడ్డం ఆనించి కూర్చుంది. ఎవరో పైనుంచి దిగుతూ "ఏంటమ్మా ఇక్కడ కూర్చున్నావు?" అని అడిగారు.

"లైన్లో ఉన్నానండీ" అంది, కాళ్ళు పక్కకు జరిపి దారి ఇస్తూ, మొహమంతా వెలుగుతుండగా. "నా ముందు ముగ్గురున్నారు."